పగడానికి చాకిరీ

1846లో ఇంగ్లండు దక్షిణ తీరాన టార్కీ అనే ఊళ్లో ఆనా థిన్ అనే ఆవిడ రాళ్లను అంటిపెట్టుకుని బతికే చిన్న చిన్న పగడపు జీవుల్ని చూసి ముచ్చటపడింది. భర్త వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పెద్ద హోదాలో ఉన్న మతగురువు. కాపురం లండన్‌లో. ముచ్చటపడి ఊరుకోకుండా వాటిని ఉప్పునీళ్ల జాడీలో వేసుకుని లండన్ బయల్దేరింది. ప్రయాణంలో దొర్లిపోకుండా, చుట్టూ నీళ్లు ఆడేలా, సూదీదారంతో ఒక్కొక్కదాన్నీ పెద్ద స్పాంజికి కుట్టేసింది.

లండన్ చేరాక అసలు చిక్కు మొదలైంది. రోజూ కొత్త సముద్రపు నీళ్లు తెప్పించడం అయ్యే పని కాదు. ఉన్న నీళ్లలోనే ప్రాణవాయువు తగ్గకుండా చూసుకోవాలి. అందుకని తెరిచిన కిటికీ దగ్గర ఒకరు నిలబడి, ఒక పాత్రలోని నీళ్లను ఇంకో పాత్రలోకి ఎత్తి పోస్తూ ఉండేవారు. అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట. ఆ పని పనిపిల్లది. అలసట కలిగించే పనే అయినా ఆ పిల్లకు అది ఆటలా ఉండేదని ఆనా తర్వాత రాసుకుంది. నిజంగా ఆటగానే ఉండేదో, అమ్మగారికి అలా అనిపించిందో చెప్పలేం. పిల్ల పేరు మాత్రం ఎక్కడా ఎక్కలేదు.

మరుసటి ఏడాది ఆనా సముద్రపు నాచు కూడా తెచ్చి వేసింది. నాచు ప్రాణవాయువు ఇస్తుంది, జంతువులు దాన్ని వాడుకుంటాయి, జంతువులు వదిలింది నాచుకు తిండి. పగడాలు, నాచు కలిసి దాదాపు మూడేళ్లు బతికాయి. పగడాలు పిల్లలు కూడా పెట్టాయి. ఒక ఇంట్లో పగడాలను ఏళ్ల తరబడి బతికించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. అంతకు ముందే 1832లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో జాన్ విల్‌ప్రే పవర్ అనే ఫ్రెంచి మహిళ ఆర్గొనాట్ అనే గవ్వజీవిని గమనించడానికి గాజు తొట్లు కట్టించుకుంది. ఆమె ఊరికి సముద్రం పక్కనే ఉంది. లండన్‌కు లేదు. ఇంట్లో పెట్టుకునే సముద్రానికి చరిత్ర అంటూ మొదలైంది ఈ దూరం వల్లనే.

ఆ తర్వాత నూట డెబ్భై ఏళ్లకు పైగా నడిచిన కథలో ఒక వింత పదేపదే కనిపిస్తుంది. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు లేచి, ప్రకృతి సమతూకం దొరికింది, ఇక ఈ తొట్టి తనంతట తానే నడుస్తుంది అంటారు. కాస్త వెనక్కి తొంగిచూస్తే ఎవరో ఒకరు చాకిరీ చేస్తూనే ఉంటారు. ఒకచోట పనిపిల్ల, ఒకచోట ఆవిరి యంత్రం, ఇంకోచోట పక్కనే ఉన్న సముద్రం.

సమతూకం అన్న మాటకు శాస్త్రం ముద్ర వేసినవాడు రాబర్ట్ వారింగ్టన్. లండన్‌లో మందుల తయారీదారుల సంఘంలో రసాయన శాస్త్రవేత్త. 1849లో రెండు గోల్డ్‌ఫిష్‌లను, ఒక నీటి మొక్కను ఒక గాజు పాత్రలో ఉంచాడు. మొదట బాగానే ఉంది. తర్వాత మొక్క ఆకులు కుళ్లి నీళ్లు మురిగాయి. అప్పుడు చెరువు నత్తల్ని వేశాడు. కుళ్లిన ఆకుల్ని నత్తలు తినేశాయి, నీళ్లు తేటపడ్డాయి, నత్తల గుడ్లు చేపలకు తిండి అయ్యాయి. 1850లో ఈ ప్రయోగాన్ని అచ్చువేశాడు. ఆ తర్వాత ఉప్పునీళ్లతోనూ ప్రయత్నించాడు.

ఆ రోజుల్లోనే ఇంగ్లండులో గాజు చవకైంది. 1845లో గాజు మీద పన్ను ఎత్తేశారు. రైళ్లు సముద్రతీరానికి జనాన్ని మోసుకెళ్లడం మొదలైంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ‘ఫిష్ హౌస్’ తెరిచారు. ఆ మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియం మీద రాసిన పుస్తకం వచ్చింది. అంతే, మధ్యతరగతి డ్రాయింగు రూముల్లోకి సముద్రం వచ్చిపడింది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల కోసం నాలుగు రకాల లవణాలతో ఇంట్లోనే ఉప్పునీళ్లు కలుపుకునే పద్ధతి కూడా గాస్ చెప్పాడు. ఇవాళ దుకాణాల్లో బకెట్లతో అమ్మే సముద్రపు ఉప్పుకు అది తాత.

ఉలి, సుత్తి, జాడీ పట్టుకుని జనం తీరాల మీద పడ్డారు. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో తండ్రి గురించి రాసిన పుస్తకంలో, ఒకప్పుడు జీవం తొణికిసలాడిన రాతి గుంటల్ని ఈ వేలంవెర్రి ఊడ్చేసిందని బాధపడ్డాడు. తెచ్చుకున్న జీవులైనా బతికాయా అంటే, ఎక్కువ చోట్ల లేదు. కిటికీలో ఎండ తగిలేలా తొట్టి పెట్టడం, చేతికి దొరికినవన్నీ అందులో వేయడం, తిండి ధారాళంగా చల్లడం. రెండు వారాలకు నీళ్లు పాలలా తెల్లబడి కంపు కొట్టేవి. 1860లు నడుస్తుండగానే ఆ మోజు చల్లారింది.

సమతూకం మాటను నమ్మనివాడు ఒకడున్నాడు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. శాస్త్రవేత్త కాదు, లండన్‌లో అక్వేరియం సరుకులు అమ్మే దుకాణదారు. సరుకు చస్తే నష్టం తనదే కాబట్టి, నీళ్లెందుకు చెడతాయో అతనికి అర్థమైనట్టు పుస్తకాలు రాసినవాళ్లకు అర్థం కాలేదు. జనం చూసే తొట్టిలోని నీళ్లు కొద్దివి. ఆ కొద్దిపాటి నీళ్లను వెలుతురు పచ్చగా మార్చేస్తుంది, ఒక్క చావు విషం చేసేస్తుంది. కాబట్టి చూపే తొట్టి కంటే కొన్ని రెట్లు పెద్ద జలాశయాన్ని కింద చీకట్లో కట్టి, ఆ నీళ్లను రాత్రింబవళ్లు పైకీ కిందికీ తిప్పుతూ ఉండాలన్నాడు. నీళ్లు పారబోయక్కర్లేదు, తిప్పితే చాలు. హాంబర్గ్‌లో 1864లో తెరిచిన అక్వేరియం అతని చేతుల్లో నడిచింది. 1871లో లండన్ శివార్లలో క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంకు ఈ పద్ధతినే వాడాడు. పంపులను తిప్పింది ఆవిరి యంత్రాలు. ఇవాళ చిన్న పగడపు (రీఫ్) తొట్టి కింద బీరువాలో దాగి ఉండే ‘సంప్’ అనే రెండో తొట్టిని చూస్తే లాయిడ్ వెంటనే గుర్తుపట్టేవాడు. ఈ కథలో ఒక్కరికి దండ వేయమంటే ఈ దుకాణదారుకే వేయాలి.

అతని సలహాతోనే నేపుల్స్‌లో ఆంటన్ డోర్న్ పరిశోధనశాల అక్వేరియం 1874లో తలుపులు తెరిచింది. మన వైపు మొదటిది మద్రాసులో. మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్ ఆలోచనతో 1909లో మెరీనా బీచి మీద సముద్రజీవుల అక్వేరియం వచ్చింది. కోస్తా జిల్లాలూ రాయలసీమా ఆ ప్రెసిడెన్సీలోనివే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అది మూతపడింది.

ఈ అక్వేరియాల్లో ఎక్కువగా కనిపించినవి చేపలు, సముద్రపు పువ్వులు, పీతలు. ఉష్ణమండల దిబ్బల్ని కట్టే పగడం తొట్టిలో బతకదన్న నమ్మకం ఇంకో అరవై ఏళ్లు గట్టిగానే నిలిచింది. 1950ల్లో విమానాల్లో రంగురంగుల దిబ్బ చేపలు అమెరికాకు, యూరపుకు దిగసాగాయి. అప్పటి ఇళ్లలోని ఉప్పునీళ్ల తొట్టిలో పగడం అంటే పగడపు ఎముకే. తెల్లని సున్నపు చెట్టు. దాని మీద గోధుమరంగు నాచు పడితే తీసి బ్లీచింగు నీళ్లలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టి మళ్లీ పెట్టేవారు. శవాన్ని తోమి అలంకరించుకోవడం అది. అయినా ఆ కాలానికి అదే అందం.

చేపలైనా ఎందుకు చచ్చేవో అప్పుడప్పుడే తెలుస్తోంది. చేప వదిలేది అమ్మోనియా, అది విషం. గులకరాళ్ల మీద పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. చివరిది చేపలకు పెద్ద హాని చేయదు. తొట్టి అడుగున చిల్లుల పలక, దానిమీద గులక, నీటిని గులకలోంచి కిందికి లాగే గాలిబుడగలు. ఆ రోజుల ఫిల్టరు ఇదే. చేపలకు సరిపోయింది. పగడానికి సరిపోలేదు. పేరుకున్న నైట్రేట్‌తో నాచు ఎగదన్ని పగడాన్ని కమ్మేసేది.

1961లో ‘ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్’ అనే అమెరికన్ పత్రికలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ రాసిన వ్యాసం వచ్చింది. ఆయన తొట్టిలో అడుగు ఫిల్టరు లేదు. ఉన్నది సముద్రపు నీళ్లు, ఎండ, సన్నగా లేచే గాలిబుడగలు, దిబ్బ నుంచి పచ్చిగా తెచ్చిన రాళ్లు. ఆ రాళ్లమీద నాచు, స్పాంజులు, పురుగులు అన్నీ అలాగే ఉన్నాయి. ఆ తొట్లో పగడాలు బతుకుతున్నాయి! రహస్యమంతా రాతిలో ఉంది. పగడపు రాయి లోపలంతా బొరియలే. పై పొరల్లో ప్రాణవాయువు ఉన్నచోట బాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్ చేస్తుంది. లోపల ప్రాణవాయువు అందని బొరియల్లో ఇంకో జాతి బాక్టీరియా ఆ నైట్రేట్‌ను విడగొట్టి మామూలు నత్రజనిగా గాల్లోకి పంపేస్తుంది. ఫిల్టరుకు చేతకాని రెండో సగం పనిని రాయి చేసిపెట్టింది.

అమెరికాలో చదివినవాళ్లు ఉత్సాహపడ్డారు గానీ ఎక్కువమందికి కుదరలేదు. పెట్టెలో రోజుల తరబడి ప్రయాణించిన రాయి మీద జీవాలు చచ్చి, తొట్లో పెట్టగానే కుళ్లేవి. లీ చిన్ ఎంగ్‌కు పచ్చి రాయీ, కొత్త నీళ్లూ ఇంటికి దగ్గర్లోనే దొరికేవి. ఆయన తన పద్ధతికి ప్రకృతి పేరే పెట్టుకున్నాడు. చాకిరీలో సగం ఆ ఊరి సముద్రానిదని ఆ పేరు చెప్పదు.

సముద్రం లేని చోట ఈ పని సాధించింది జర్మన్లు. 1960ల్లో ఎర్విన్ సాండర్ ‘ప్రోటీన్ స్కిమ్మర్’ను తయారు చేశాడు. ఒక నిలువు గొట్టంలో ఉప్పునీళ్లలోకి సన్నని బుడగలు వదిలితే, నీటిలో కరిగిన జీవవ్యర్థం బుడగల ఒంటికి అంటుకుని నురగగా పైకి వచ్చి గిన్నెలో పడుతుంది. వ్యర్థం కుళ్లి అమ్మోనియా కాకముందే బయటికి పోతుంది. ఆ గిన్నెలో చేరే ముదురు టీ రంగు నీళ్ల కంపు ఒకసారి పీల్చినవాళ్లు ఈ యంత్రం ఏం చేస్తుందో మళ్లీ అడగరు.

దీనికి పచ్చి రాయీ, మెటల్ హాలైడ్ దీపమూ జతచేసి బెర్లిన్ అభిరుచి సంఘాల వాళ్లు కుదిర్చిన పద్ధతికి ఆ ఊరి పేరే స్థిరపడింది. ఇందులో మనకు బాగా తెలిసిన వస్తువు ఒకటుంది. పగడం తన ఎముకను కాల్షియం కార్బొనేట్‌తో కట్టుకుంటుంది. బాగా పెరిగే పగడాలున్న తొట్టిలో కాల్షియం తరిగిపోతూ ఉంటుంది. దానికి పీటర్ విల్కెన్స్ చెప్పిన మందు సున్నపు తేట. తాంబూలంలో ఆకుకు రాసుకునే సున్నం ఏదో ఇదీ అదే, కాల్షియం హైడ్రాక్సైడు. మంచినీళ్లలో కలిపి, మడ్డి దిగనిచ్చి, పైన తేరిన తేటను రాత్రిపూట చుక్కలు చుక్కలుగా తొట్టిలో వదలాలి. ఆవిరైన నీటి లోటూ అదే తీరుస్తుంది. గబుక్కున పోస్తే క్షారం పెరిగి జీవాలు చస్తాయి. అందుకే చుక్కలు.

ఆ బెర్లిన్ బృందంలో డీట్రిష్ స్ట్యూబర్ అనే ఆయన తొట్లో ఒక అక్రొపోరా పగడం బాగా కొమ్మలేసింది. కొమ్మ విరిచి ఇంకో రాతికి అంటిస్తే గులాబీ అంటులా అదీ పెరుగుతుంది. స్ట్యూబర్ ముక్కలు పంచాడు. తీసుకున్నవాళ్లు పెంచి మళ్లీ పంచారు. యూరపంతా తిరిగి అట్లాంటిక్ దాటి అమెరికా తొట్లకూ చేరింది. సముద్రం నుంచి మళ్లీ ఒక్క ముక్క తేకుండానే ఒకే పగడం వందల ఇళ్లలో పెరిగిందంటే, బతకదన్న నమ్మకం అక్కడితో సరి.

అమెరికాకు ఈ గాలి 1986లో తగిలింది. ‘ఫ్రెష్‌వాటర్ అండ్ మెరైన్ అక్వేరియం’ పత్రికలో జార్జ్ స్మిట్ ‘మినీ రీఫ్’ వ్యాసాలు మొదలుపెట్టాడు. ఆయన చూపింది డచ్చివాళ్ల పద్ధతి: ప్లాస్టిక్ బంతుల మీదుగా నీళ్లు జారే ఫిల్టరు. బంతులు అమ్మోనియాను చక్కగా నైట్రేట్ చేశాయి, అక్కడితో ఆగిపోయాయి. కొన్నేళ్లకు జనం ఆ బంతుల్ని ‘నైట్రేట్ ఫ్యాక్టరీ’ అని తిట్టుకుంటూ బయటపడేశారు. 1994లో చార్లెస్ డెల్బీక్, జూలియన్ స్ప్రంగ్ రాసిన ‘ది రీఫ్ అక్వేరియం’ మొదటి సంపుటం వచ్చేసరికి ఇళ్లల్లో బెర్లిన్ పద్ధతిదే పైచేయి.

వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ ఇంకో దారి తొక్కాడు. జల్లెడ మీద నాచును కావాలనే పెంచి, అది నీటిలోని పోషకాలను పీల్చుకున్నాక గీకి పారేయడం. 1987లో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో తెరిచిన భారీ రీఫ్ అక్వేరియం ఈ పద్ధతితోనే మొదలైంది. మొనాకోలో జాన్ జోబేర్ అడుగున లోతైన ఇసుక పరిచి, దాని కింద ఖాళీ వదిలి, ఇసుకలోని బాక్టీరియాకు పని అప్పగించాడు.

మొనాకో పేరు ఇంకో సంగతి వల్ల కూడా మారుమోగింది. అక్వేరియాల్లో అందానికి పెంచే కాలెర్పా టాక్సిఫోలియా అనే పచ్చని నాచులో చలికి తట్టుకునే రకం ఒకటి స్టుట్‌గార్ట్ జూ తొట్ల నుంచి ఇతర అక్వేరియాలకు పాకింది. 1984లో మొనాకో సముద్ర మ్యూజియం కిటికీల కిందే సముద్రంలో చిన్న మచ్చలా అది కనిపించింది. నీస్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ మైనెజ్ ఇది ప్రమాదమని కేకలు పెట్టాడు. మ్యూజియం వాళ్లు మాత్రం కాదు, అది తనంతట వచ్చిందేనన్నారు. వాదులాట సాగుతుండగా నాచు సాగిపోయింది, మధ్యధరా అడుగున వేల హెక్టార్లకు. జన్యు పరీక్షల్లో అది అక్వేరియం రకమేనని తేలింది. 2000లో అదే నాచు కాలిఫోర్నియాలో బయటపడితే అక్కడివాళ్లు వాదించుకుంటూ కూర్చోలేదు. టార్పాలిన్లు కప్పి కింద క్లోరిన్ పోశారు. నిర్మూలించామని ప్రకటించేసరికి 2006 వచ్చింది, ఖర్చు 70 లక్షల డాలర్లు దాటింది. ఒక తొట్టి కడిగిన నీళ్లు ఎక్కడ పోశారన్నది ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇది చాలు.

2000లలో చిన్న పంపులు, ఆపైన ఎల్ఈడీ దీపాలు వచ్చి, బల్ల మీద పట్టే ‘నానో రీఫ్’లు మార్కెట్లోకి దిగాయి. చిన్నది కాబట్టి సులువు అనుకుని కొనేవాళ్లే ఎక్కువ. లాయిడ్ దుకాణంలో నేర్చుకున్న లెక్క ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. 40 లీటర్ల తొట్టి అనుకుందాం. సముద్రపు నీటిలాగే లీటరుకు 35 గ్రాముల ఉప్పు. రోజుకు ఒక లీటరు ఆవిరైతే నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. మూడు రోజులు ఊరెళ్లి వస్తే తొట్లో 37 లీటర్లే ఉంటాయి, ఉప్పదనం 38కి చేరువవుతుంది. పగడాలు ముడుచుకుపోతాయి. అదే 400 లీటర్ల తొట్టిలో మూడు లీటర్లు పోతే తేడా కొలిచేదాకా తెలియదు. ఆవిరైన లోటు మంచినీళ్లతోనే పూడ్చాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటూనే పోతుంది. కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు ఇదే. ఇక ఒక్క నత్త రాతి వెనక చచ్చినా 40 లీటర్లలో అమ్మోనియా లేవడానికి అది చాలు.

దీర్ఘకాలం నడిచిన చిన్న తొట్ల వెనక ఉన్న విద్య ఏమంత గొప్పగా కనిపించదు. వారానికోసారి పదోవంతు, అయిదోవంతు నీళ్లు తీసేసి కొత్త ఉప్పునీళ్లు పోయడం. 40 లీటర్ల తొట్టికి నాలుగు లీటర్లు, అందులో దాదాపు 140 గ్రాముల ఉప్పు. పెద్ద తొట్టివాడికి స్కిమ్మరు, డోసింగు పంపు, కాల్షియం రియాక్టరు చేసే పనిలో చాలా భాగం చిన్న తొట్టివాడికి ఈ బకెట్టే చేసిపెడుతుంది. వ్యర్థం పోతుంది, తరిగిన కాల్షియం, క్షారత, సూక్ష్మ లవణాలు తిరిగి వస్తాయి.

మూడు నాలుగేళ్లు బాగా నడిచిన తొట్టి ఉన్నట్టుండి కూలిపోవడం కూడా మామూలే. దానికి ‘ఓల్డ్ ట్యాంక్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు గానీ అది ఒక్క జబ్బు కాదు. ఇసుకలో మడ్డి పేరుకుంటుంది, తిండితో వచ్చిన ఫాస్ఫేటును రాళ్లు ఏళ్లపాటు పీల్చుకుని ఆపైన వదులుతాయి, పెరిగిన పగడాలు నీటి ప్రవాహానికి అడ్డుపడతాయి, పాతబడిన దీపం రంగు మారుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, యజమానికి ధీమా పెరుగుతుంది. నీళ్లు మార్చడం వారం నుంచి నెలకు జారుతుంది.

ఈ జీవులు ఎక్కడ నుంచి వస్తాయన్నది మోజు పుట్టిన రోజు నుంచీ వెంటాడుతున్న ప్రశ్న. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి చేపల్ని మత్తెక్కించి పట్టడానికి దిబ్బల మీద సోడియం సయనైడు చిమ్మేవారు. చేప దొరికేది, పగడం చచ్చేది. 1990 నాటికి రాతి పగడాలన్నిటినీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం ‘సైటిస్’ రెండో అనుబంధంలో చేర్చారు. మన దేశం ఇంకా గట్టిగా బిగించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి 2001లో రాతి పగడాలన్నీ చేరాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీళ్లూ ఒండ్రూ పడే మన తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. అవి ఉన్నది మన్నార్ సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో. తెలుగువాళ్ల ఇళ్లలో పగడం అంటే పుస్తెలతాడులోని ఎర్రపూస. అది మధ్యధరా వైపు నుంచి వచ్చే వేరే జాతి. హైదరాబాదులోనో విజయవాడలోనో చట్టం మీరకుండా ఉప్పునీళ్ల తొట్టి పెట్టాలనుకునేవాళ్లు హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంటతో సరిపెట్టుకోవాలి. మే నెల ఎండల్లో నీటిని 26 డిగ్రీల దగ్గర ఆపడానికి చిల్లరు కొన్నాక, చేపల ఖర్చు ఖర్చులా కనిపించదు.

ఇప్పుడు ఈ విద్య తిరుగుదారి పట్టింది. ఒకప్పటి క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంకు కొద్ది దూరంలోనే, దక్షిణ లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో 2012లో ‘ప్రాజెక్ట్ కోరల్’ మొదలైంది. దిబ్బ పగడాలు ఏడాదికి ఏ కొద్ది రాత్రులో, నీటి వేడినీ చంద్రుణ్నీ బట్టి గుడ్లు వదులుతాయి. జేమీ క్రాగ్స్ బృందం ఎల్ఈడీలతో వెన్నెలను, హీటర్లతో రుతువులను దిబ్బ ఉన్న చోటి లెక్కల ప్రకారమే నడిపి, మూసిన గదిలో పగడాల చేత గుడ్లు పెట్టించింది. ఆ వివరాలు 2017లో అచ్చయ్యాయి. వాళ్లతో కలిసి పనిచేసిన ఫ్లోరిడా అక్వేరియం 2019 ఆగస్టులో, అట్లాంటిక్‌లో కనుమరుగవుతున్న స్తంభపు పగడం చేత ప్రయోగశాలలో గుడ్లు పెట్టించింది. ఫ్లోరిడా దిబ్బల మీద 2014 నుంచి పాకుతున్న ఒక తెగులు పగడాల ఎముకల మీద కండను కరిగించేస్తోంది. దానికి చిక్కకముందే కోసి తెచ్చిన పగడాలను అమెరికాలోని జూలు, అక్వేరియాలు పంచుకున్నాయి. సముద్రమన్నదే లేని నెబ్రాస్కా రాష్ట్రంలోని జూ కూడా తన వాటా తీసుకుంది. అక్కడ క్షారత కొలవడానికి, గాజు మీద నాచు గీకడానికి, నీళ్లు మార్చడానికి జీతగాళ్లున్నారు. సెలవు రోజుల్లోనూ డ్యూటీ వేస్తారు.